ఆ మెట్టు దగ్గర అర క్షణం

...అడిగితే ఎప్పటిలాగే చెప్పాలి, అంతే. ఏడాదిగా చెబుతున్నదే కదా, ఇవాళ కొత్తగా తడబాటెందుకు?

దర్శకుడు కోటు జేబులోని కాగితాన్ని మళ్ళీ తడిమి చూసుకున్నాడు. మ్యూజిక్ వీడియోల అవార్డుల సభలో ఇక మిగిలింది ఒక్కటే. ఉత్తమ దర్శకుడు.

ఓడిపోతే ఎవరూ ఏమీ అడగరు. గెలిస్తే అడుగుతారు. అయినా గెలవాలి.

అతని వీడియో అంతా ఒక ఎత్తు, ఆఖరి దృశ్యం ఒక్కటీ ఒక ఎత్తు. ఎర్రకోటు వేసుకున్న స్త్రీ వెనక్కి తిరగకుండా కారిడార్ వెంట నడిచి వెళ్ళిపోతుంది. మెట్ల దగ్గర ఎడమ భుజం కాస్త వంచి, వేళ్ళతో గోడని తాకి, అర క్షణం ఆగుతుంది. ఆ అర క్షణానికే జనం కళ్ళు తుడుచుకున్నారు.

"అక్కడ ఆగడం నా ఆలోచన" అని ప్రతి ఇంటర్వ్యూలోనూ చెప్పాడు. చెప్పగా చెప్పగా తనకే నిజమనిపించసాగింది.

నిజానికి ఆ కోటు వేసుకోవలసిన గాయని ఆ రోజు షూటింగుకి రాలేదు. ఎవరో దినకూలీ మనిషికి కోటు తొడిగి వెనకనుంచి తీశారు. పక్కగదిలో మానిటర్ ముందు కూర్చున్న అతను "నడవమనండి" అన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆమె మొహమైనా చూడలేదు.

"పాపకి ఒకసారి ఫోన్ చేసొస్తా," అంది భార్య లేస్తూ.

"ఇప్పుడా?"

"రెండు నిమిషాలు. ఈలోగా ఆ కాగితాన్ని నలిపి చంపకు."

ఆమె అటు వెళ్ళిందో లేదో, నల్లబట్టల్లో ఓ నడివయసు స్త్రీ వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. మెడలో బిళ్ళ. దానిమీద 27 నంబరు.

"ఇది మా ఆవిడ సీటండి."

"తెలుసండి. ఆవిడ రాగానే లేస్తాను. కెమెరాలో ఖాళీ కుర్చీ కనపడకూడదని మమ్మల్ని పెడతారు."

తెరమీద పోటీలో ఉన్న వీడియోలు వస్తున్నాయి. ఆఖరున అతనిది. ఎర్రకోటు. మెట్లు. హాలంతా ఊపిరి బిగబట్టింది.

"అక్కడ ఎందుకాగిందండీ?" మెల్లగా అడిగిందామె.

అతను తెరమీంచి చూపు తిప్పి ఆమెని చూశాడు. ఎవరు పంపారీమెని?

"వదిలేసి వెళ్తున్న బతుకుని ఒక్కసారి తలుచుకుంటుంది. నా ఆలోచనే."

"అలాగా. మోకాలి నొప్పనుకున్నాను."

"వేళాకోళమా?"

"అయ్యో, కాదండి. చాలా బాగా తీశారు. నాకే ఏడుపొచ్చింది."

అతను చెయ్యెత్తి సీట్లు చూసే సూపర్‌వైజర్ని పిలిచాడు. "ఈవిడ ఒకటే మాట్లాడుతోంది. ఎక్కడ దొరుకుతారయ్యా మీకు ఇలాంటివాళ్ళు?"

"నోరు మెదపొద్దని ముందే చెప్పాం కదమ్మా. లే. బిళ్ళ ఇచ్చేసి వెళ్ళిపో."

ఆమె బతిమాలలేదు. బిళ్ళ తీసి సూపర్‌వైజర్ చేతిలో పెట్టి, దర్శకుడి వైపు తిరిగి, "తప్పయిపోయిందండి," అంది.

భార్య తిరిగొచ్చింది. "ఎవరావిడ?"

"ఎవరో."

వేదికమీద కవరు చింపుతున్న చప్పుడు మైకులో వినిపించింది. అటు చూడలేక అతను మొహం పక్కకి తిప్పుకున్నాడు.

గోడవారగా ఆమె నడిచి వెళ్తోంది. బయటికి వెళ్ళే తలుపు ముందు మూడు మెట్లున్నాయి.

మొదటి మెట్టు దగ్గర ఆగింది. ఎడమ భుజం కాస్త వంగింది. వేళ్ళు గోడని తాకాయి.

అర క్షణం.

తర్వాత కాలు లేచింది.

"నిన్నే పిలుస్తున్నారు, లే," భార్య మోచేత్తో పొడిచింది. చుట్టూ అందరూ నిలబడి చప్పట్లు కొడుతున్నారు.

అతను ఇంకా పక్కనే ఉన్న సూపర్‌వైజర్ చెయ్యి పట్టుకున్నాడు. "ఆవిడ పేరేంటి?"

"పేర్లెవరు రాసుకుంటారండీ. ఇరవై ఏడు. ఇంక పిలవంలెండి, మీరు నిశ్చింతగా వెళ్ళండి."

వేదికమీద వెలుగు కళ్ళలో పొడిచింది. ట్రోఫీ అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. ముందువరసలో గాయని చిరునవ్వుతో చూస్తోంది.

"అందరూ అడిగేదే నేనూ అడుగుతాను," అంది వ్యాఖ్యాత. "ఆ అర క్షణం మీకెలా తట్టింది?"

అతను కాగితం విప్పాడు. రెండో వాక్యంలోనే ఉంది జవాబు. హాలు చివర తలుపు మూసి ఉంది.

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, మైకు దగ్గరికి వంగి, "అది నా ఆలోచన కాదు," అన్నాడు, "ఇందాక నేను బయటికి పంపించేసిన ఇరవై ఏడో నంబరావిడ మోకాలి నొప్పి."