మర్యాదలకి అడ్డుకట్ట

"కాఫీ తాగకుండా కదిలితే మా గుమ్మానికి మర్యాదేనాండి?" అంటూ బుల్లబ్బాయి అనే ఆయన ఇంట్లోంచి రోడ్డు మధ్యకి వచ్చి హెల్వి సైకిలు హ్యాండిల్ పట్టేసుకున్నాడు.

ధవళేశ్వరంలో బయల్దేరి అరగంటైనా కాలేదు. హేమశ్రీకి అప్పుడే ఒళ్ళు మండింది. తన సైకిలు దిగి, ఆయన చెయ్యి పట్టుకుని హ్యాండిల్ మీంచి తీసేసింది.

"బాబాయ్ గారూ, ఈవిడ ఫిన్లాండ్ నుంచి వచ్చారండి. పొద్దు గుంకేలోగా అంతర్వేదిలో సముద్రం చూపించాలి. వదిలెయ్యండి."

"ఫిన్లాండా! అంత దూరం నుంచొచ్చి మా ఇంట్లో కాఫీ తాగరా? డికాషన్ దిగుతోందండి, ఒక్క క్షణం."

"తాగరండి!"

"పోనీ మజ్జిగ?"

"అదీ తాగరండి!" హేమశ్రీ గొంతు పెంచింది.

బుల్లబ్బాయి కూడా గొంతు పెంచాడు. కాసేపు ఇద్దరూ కేకలేసుకున్నారు. ఆయనకి ఇంగ్లీషు ముక్క రాదు, హెల్వికి తెలుగు ముక్క రాదు. "ఏమంటున్నారాయన?" అని హెల్వి ఇంగ్లీషులో అడిగితే, "ఏమీ లేదు, పదండి" అంది హేమశ్రీ.

హెల్వి ఒంటరిగా సైకిలు మీద దేశాలు తిరుగుతూ, చూసిన ప్రతి ఊరి గురించీ నెట్‌లో రాస్తుంది. వేలమంది చదువుతారు. రాజమండ్రి సైకిలు క్లబ్బు ఆవిణ్ణి ఈ ఒక్కరోజుకీ హేమశ్రీకి అప్పజెప్పింది. "మనవాళ్ళు మీద పడి మొహమాట పెడితే ఫారిన్ వాళ్ళకి చిరాకమ్మా. గోదావరి వాళ్ళ గురించి చెడ్డగా రాసిందంటే మన పరువు గంగలో కలిసినట్టే. ఎవరినీ దగ్గరికి రానివ్వకు" అని క్లబ్బు పెద్ద ఉదయభాస్కర్ మరీ మరీ చెప్పాడు. ఆ పరువు మొత్తం తన సైకిలు క్యారియర్ మీద కట్టుకున్నట్టే తొక్కుతోంది హేమశ్రీ.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ కాలవ గట్ల మీద మాత్రం కాళ్ళావేళ్ళా పడినా పెట్టకుండా వదలరు.

రావులపాలెంలో గణేష్‌బాబు అనే అరటిపళ్ళ వ్యాపారి వీళ్ళని చూసి, గెలలు కోసే కత్తి చేత్తో అలాగే పట్టుకుని రోడ్డు మీదకి పరిగెత్తుకొచ్చాడు. "ఆగండాగండి! చక్కెరకేళీ గెల కోసిస్తాను. దొరసానిగారు ఉత్తి చేతుల్తో వెళ్ళకూడదండి!"

"వద్దని చెప్పేది మీక్కాదూ! వెనక్కెళ్ళండి!" అని హేమశ్రీ అరిచింది. హెల్వి అప్పటికే పెడల్ మీద లేచి నిలబడి తొక్కేస్తోంది. మొహం తెల్లగా పాలిపోయింది. ఎండకి తట్టుకోలేకపోతోంది పాపం అనుకుంది హేమశ్రీ.

కొత్తపేట దాటాక ఆటో ఐజాక్ వెనకాల తగులుకున్నాడు. హారన్ మోగిస్తూ, పక్కపక్కనే ఆటో నడుపుతూ, తల బయటపెట్టి ఒకటే గోల.

"ఎండలో ఆడకూతుళ్ళు ఇలా మాడిపోతుంటే చూసి ఎలా పోతామమ్మా? సైకిళ్ళు పైన కట్టేస్తాను, ఎక్కండి. రాజోలు దాకా ఊరికే దింపుతాను!"

"నీకు దండం పెడతాను, వెళ్ళు నాయనా!"

దండం పెడితే వినలేదు. ఆఖరికి సైకిలు పంపు తీసి ఊపితే గానీ వెళ్ళలేదు. "ఏమీ లేదు, పదండి" అంది హేమశ్రీ మళ్ళీ. హెల్వి ఈసారి ఏమీ అడగనే లేదు.

రాజోలు దగ్గర భోజనాల వేళైంది. సంపూర్ణమ్మ అనే ముసలావిడ రెండు చేతులూ బారచాపి దారికి అడ్డంగా నిలబడిపోయింది.

"అన్నం వేళకి వాకిట్లోంచి వెళ్ళిపోతారా తల్లీ? చేపల పులుసు కాచాను. ఆ పిల్లనింత తిని వెళ్ళమను."

"ఆవిడ తినరు మామ్మగారూ."

"మనిషి కాదూ? ఆకలెయ్యదూ?"

పొద్దుట్నుంచీ అణుచుకున్న విసుగంతా హేమశ్రీకి ఒక్కసారి తన్నుకొచ్చింది. "మీ మర్యాదలతో మా ప్రాణాలు తోడేస్తున్నారు! అడ్డు లేవండి ముందు!"

సంపూర్ణమ్మ చేతులు కిందికి దించేసింది. కళ్ళు ఒత్తుకుంటూ లోపలికి వెళ్ళి గేటు వేసుకుంది. హేమశ్రీకి మనసు చివుక్కుమంది. ఏం చేస్తాం, ఊరి పరువు ముఖ్యం అని సర్దిచెప్పుకుంది. కాస్త దూరం పోయాక కాలవ గట్టు మీద ఇద్దరూ కూర్చుని, హేమశ్రీ తెచ్చిన ఎండు బ్రెడ్డు నమిలారు. హెల్వి తలెత్తకుండా తింది.

పొద్దు ఇంకా ఉండగానే అంతర్వేది చేరారు. ఎదురుగా సముద్రం. ఒక్క కాఫీ, ఒక్క అరటిపండు, ఒక్క విస్తరి ఆవిణ్ణి తాకలేదు. హేమశ్రీకి ఒళ్ళంతా నొప్పులే గానీ, గుండె మాత్రం పొంగిపోతోంది.

"మా గోదావరి ఎలా ఉంది? ఏం రాస్తారు?" అని ఆశగా అడిగింది.

హెల్వి కళ్ళనిండా నీళ్ళు. దగ్గరికొచ్చి హేమశ్రీ రెండు చేతులూ పట్టుకుంది.

"నీ గురించి రాస్తాను. నువ్వు లేకపోతే ఏమైపోయేదాన్నో. ప్రతి ఊళ్ళోనూ నాకోసం అందరితో పోట్లాడావు."

హేమశ్రీ సిగ్గుపడుతూ నవ్వింది.

"ఇన్ని దేశాలు తిరిగాను గానీ, పరాయి మనిషంటే ఇంత పగబట్టే జనాన్ని ఎక్కడా చూడలేదు హేమా. పొద్దుట్నుంచీ ఒక్కరంటే ఒక్కరు, గుక్కెడు కాఫీ తాగి వెళ్ళమనలేదు!"