హుస్సేన్ సాహెబ్ పార్కు

"ఆ గాజుల చప్పుడుతో ఇక కుదరదమ్మా," అన్నాడు పార్కు కమిటీ ప్రెసిడెంటు వీరబాబు, స్తంభానికి కట్టిన మైకు వైపు చూస్తూ.

జైతున్‌బీ సిమెంటు బెంచీ మీద చతికిలబడింది. పొద్దుటి నుంచి మిరపకాయల తొడాలు తీసిన చేతులు మండిపోతున్నాయి. నడుం ఎప్పుడో చచ్చుబడింది.

గేటు మీద ఆమె భర్త పేరుంది, సన్నాయి హుస్సేన్ సాహెబ్ పార్కు అని. బతికున్నన్నాళ్లూ పెళ్లిళ్లలో అందరి భోజనాలూ అయ్యాక పిలిచి విస్తరి వేసిన ఊరే, పోయిన రెండేళ్లకి పేరు పెట్టింది. అంతవరకూ సంతోషమే. ఆయన వాయిద్యం వినిపిస్తాం, ఏదైనా ఉంటే ఇమ్మన్నారు. ఇంట్లో ఉన్నది ఒకే క్యాసెట్టు. అదే ఇచ్చింది. రోజూ సాయంత్రం ఆరింటికి కల్యాణి రాగం, దాని వెనకాల సన్నగా గలగల.

"వాకింగుకొచ్చేవాళ్లు నవ్వుతున్నారు. కచేరీయా, గాజుల కొట్టా అంటున్నారు. కంప్యూటర్లో పెట్టి గాజులు తీసేస్తే సన్నాయీ పాడవుతోంది. రేపట్నుంచి వేరే విద్వాంసుడి రికార్డు వేస్తాం."

"బోర్డు మీద ఈయన పేరు, మైకులో ఇంకొకరి సన్నాయా బాబూ?" అనేసి, ఎందుకన్నానా అన్నట్టు తల దించుకుంది.

"మరేం చెయ్యమంటారు?"

"అదొక్కటే ఉంది నాకు. అది ఆపేస్తే ఇంకేం లేదయ్యా." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వీరబాబు మెత్తబడ్డాడు. "నాకు మాత్రం ఇష్టం లేకనా? ఆయాసం మనిషి, అంతంత గుక్క పట్టాడంటే మాటలా! రికార్డు చేసేప్పుడు మీరు పక్కనే కూర్చుని విసనకర్ర విసురుతున్నారు కదూ?"

"ఎదురుగా కూర్చున్నా."

"సరే, మోగనివ్వండి. ఎవరన్నా నవ్వితే నేను చెప్పుకుంటాలే, అవి సాహెబు గారి భార్య గాజులని."

"అంతవరకే చెప్పు బాబూ. అంతకుమించి వద్దు."

ఆరయింది. మైకు గరగరలాడి కల్యాణి అందుకుంది. జారుడుబల్ల దగ్గర పిల్లలు కాసేపు అరుపులు ఆపారు. జైతున్‌బీ కళ్లు మూసుకుంది. బోసి చేతులు ఒళ్లో పెట్టుకుంటే, మండుతున్న వేళ్లు వాటంతటవే కదిలాయి.

నువ్వు సన్నాయి ఊదేముందు ఆ గాజులు తీసెయ్యవే అని ఆ రోజు ఆయన ఎంత చెప్పినా ఆమె వినలేదు.