పాట ఆగే చోటు

టేప్‌రికార్డర్‌లో పాట ఆగిన చోట, పక్క బల్ల దగ్గరి మనిషి గొంతెత్తి పాడేశాడు.

"పలుకుతున్నా బిడ్డా... పక్కనే ఉన్నా..."

అశోక్‌నగర్ చాయ్ హోటల్లో మూల బల్ల చుట్టూ కూర్చున్న ముగ్గురూ చివ్వున తల తిప్పారు.

ఏభై దాటిన మనిషి. కనుబొమ్మల మీద, చెంపల మీద ఎండిన సిమెంటు. పక్కన కడుతున్న కోచింగ్ సెంటర్‌లో పనికొచ్చిన పాలమూరు కూలీ. చాయ్ గ్లాసు రెండు చేతులా పట్టుకొని, కళ్లు మూసుకొని ఉన్నాడు.

ఆ ముగ్గురిలో బాలకిషన్‌కు ఒళ్లు మండింది.

ఆ పాట ఈరన్నది. పాలమూరు పల్లెల్లో తిరుగుతూ పాటలు కట్టి పాడే మనిషి. అతని క్యాసెట్ దొరికినప్పటి నుంచి ఆ ముగ్గురూ ఆదివారం పొద్దున ఇక్కడ చేరి, అదే వేయించుకొని వింటారు.

"కొండెక్కి పిలిచిన, గొంతు పగల పిలిచిన, పలుకవేంది సామీ" అని అడుగుతాడు ఈరన్న. అంతే. డప్పు కూడా ఆగిపోతుంది. టేపు తెగిందేమో అనుకునేంతసేపు ఏమీ వినపడదు. మళ్లీ ఇంకో చరణం. మళ్లీ అదే మౌనం.

ఆ మౌనం మీదే వాళ్లకు పంచాయితీ.

"గా సప్పుడు లేకపోవుడే దేవుడు. చెవులతోని ఇనేది కాదది," అంటాడు సుల్తాన్‌బజార్‌లో బట్టల దుకాణం నడిపే రామచంద్రం.

"గిరాకీ రాని రోజు గూడ గిట్లనే అనుకుంటరా సార్?" అంటుంది హాస్టల్లో ఉండి సర్కారు పరీక్షలకు చదువుతున్న త్రివేణి.

బాలకిషన్ మాత్రం నవ్వడు.

"ఎవ్వడు లేడని చెప్తున్నడాయన. ఉంటే పలుకడా?"

వాళ్లిద్దరికీ అది పొద్దుపోయే మాట. అతనికి కాదు.

పోయినేడు కూతురు జ్వరంతో దవాఖానలో ఉన్నప్పుడు, చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా అతను మొక్కని గుడి లేదు. పిల్ల దక్కలేదు. ఓదార్చడానికి వచ్చినవాళ్ల మాట ఒక్కటీ చెవికెక్కలేదు. ఈరన్న పాటలోని ఆ మౌనం ఎక్కింది. తనలాగే పిలిచి, తనలాగే జవాబు రాక నిలబడిపోయిన మనిషి ఇంకొకడున్నాడు. ఆ ధైర్యంతోనే రోజులు నెడుతున్నాడు.

అందులోకి ఈ కూలివాడు దూరాడు.

"ఏయ్ పెద్దమనిషీ! నిన్నెవరు పాడమన్నరు?"

ఆ మనిషి కళ్లు తెరిచాడు. చెంపల మీది సిమెంటు తడిసి ఉంది.

"పాట పిలుస్తుంటే ఊకోబుద్ధి కాలే సారూ."

"ఆడ ఎవ్వడు పలుకడు. పలుకొద్దు. సమజైందా?"

"గట్లెట్ల సారూ? అడిగినోనికి జవాబియ్యాలె గద."

ఆ మాట బాలకిషన్‌కు తగలరాని చోట తగిలింది.

"పొద్దుగాల్నే తాగొచ్చినవా?" అంటూ లేచి, రెక్క పట్టుకొని రోడ్డు మీదికి నెట్టాడు.

"జర ఇంకొక్కసారి ఎయ్యుండ్రి సారూ. మెల్లగ పాడుత. మీకు ఇనపడకుంట పాడుత."

"పోతవా లేదా?"

బాలకిషన్ టేప్‌రికార్డర్ ఆపేశాడు. ఆ మనిషి కాసేపు రోడ్డు మీదే నిలబడి, తర్వాత పనిలోకి పోయాడు.

బుధవారం ఆఫీసుకు పోతూ బాలకిషన్ అతన్ని చూశాడు. కంకర తట్ట నెత్తిన పెట్టుకొని మెట్లెక్కుతున్నాడు. పిలుద్దామనుకున్నాడు. బస్సు వచ్చింది, ఎక్కేశాడు.

ఆదివారం ఈరన్నే వచ్చాడు. పట్నంలో ఏదో సభకు వచ్చినవాణ్ణి త్రివేణి వెంటబడి హోటల్‌కు తీసుకొచ్చింది. బక్క మనిషి, భుజాన గొంగడి.

రామచంద్రం ఉండబట్టలేకపోయాడు.

"ఈరన్నా, నువ్వే తేల్చాలె. పాట నడుమ ఆగి సప్పుడు చెయ్యవు. ఆడ దేవుడు ఉన్నట్టా, లేనట్టా?"

ఈరన్న గ్లాసు కింద పెట్టాడు.

"మీరు గంత దూరం పోయిన్రా! అది ఒక్కరు పాడే పాట గాదు సారూ. ఒకరు అడగాలె, ఇంకొకరు దేవుడై పలుకాలె. పలికే మనిషి లేడు. ఆయన జాగ ఆయనకే ఇడిసిన."

"పోయిన ఆదివారం ఒకాయన పలికిండన్నా," అంది త్రివేణి. "పలుకుతున్నా బిడ్డా, పక్కనే ఉన్నా అని."

ఈరన్న దిగ్గున లేచాడు.

"ఆ మాట ఇంకెవ్వలకు ఎరుక లేదు బిడ్డా! యాడున్నడు?"

ఇద్దరూ బాలకిషన్ వైపు చూశారు.

"నేనే... ఎల్లగొట్టిన," అన్నాడు అతను.

ఈరన్న గబగబా బయటికి నడిచాడు. ఏదో ఒకటి అంటే బాగుండుననిపించింది బాలకిషన్‌కు.

పక్క కట్టడం దగ్గరికి పరుగెత్తారు. స్లాబు అయిపోయింది. కింద మనుషుల్లేరు. పైన స్లాబుకు నీళ్లు కొడుతున్న ఒక ఆడకూలీ వంగి చూసింది.

"గా పెద్దాయననా? మేస్త్రీ మొన్ననే అందరిని లారీల ఎక్కించుకపోయిండు. బొంబాయో, పూనానో. లారీ కదిలేదాంక గా హోటల్ దిక్కే చూసిండు పాపం."

బాలకిషన్ ఇసుక కుప్ప మీద కూలబడ్డాడు. ఈరన్న వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఆయన ఎవరు ఈరన్నా?" అని అడిగాడు బాలకిషన్.

ఈరన్న ఖాళీ రోడ్డు వైపు చూస్తూ అన్నాడు:

"నీకంటె ముందుగాల, 'నువ్వు లేకున్నా నా పాట నడుస్తది, పో' అని నేను ఎల్లగొట్టిన మా అన్న."