లోపలి గడియ

"ప్రసన్నా, తలుపు తియ్యి. బాబు ఏడుస్తున్నాడు," అంటూ మహేంద్ర మళ్ళీ తట్టాడు.

"తియ్యనండి," అంది భార్య లోపలినుంచి.

బాబు పుట్టి నెలయింది. అప్పటినుంచీ మహేంద్రకి సరిగ్గా కునుకు పట్టలేదు. తల్లీబిడ్డల్ని చూడటానికి వచ్చినవాళ్ళెవరూ అతనెలా ఉన్నాడని అడగలేదు.

"ఏం చేశాను నేను? కాలవ గట్టు మీద వాణ్ణి ఆడిస్తుంటే వచ్చి లాక్కుపోయావు!"

"గట్టు మీద కాదండి, నీళ్ళలో! వాణ్ణెత్తుకుని లోపలికి దిగిపోతున్నారు. ఎంత పిలిచినా పలకలేదు."

"నీకేమైనా పిచ్చా?" అనబోయి మహేంద్ర కిందికి చూసుకున్నాడు. లుంగీ నడుం దాకా తడిసి ఉంది. పాదాల చుట్టూ నీళ్ళు మడుగు కట్టాయి. ఎంత ఆలోచించినా గట్టు దిగినట్టు గుర్తు రాలేదు.

బాబు ఏడుపు హెచ్చింది. లోపల గడియ కదిలిన చప్పుడయింది.

"తియ్యకు!" అన్నాడు గబుక్కున. "నేనడిగినా తియ్యకు. మీ నాన్నగారికి ఫోన్ చెయ్యి. నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళమను."

కాసేపటికి ప్రసన్న గొంతు వినపడింది. "నాన్నా, తొందరగా రండి. ఈయనకి ఒంట్లో బాగోలేదు."

ఆ మాట వినగానే మహేంద్ర గోడకి చేరగిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.