మిగిలిన ఒక్క సాక్షి

వీరాయమ్మగారు ఆటో దిగడం కిటికీలోంచి చూసి కావ్య గబుక్కున కళ్ళు మూసుకుంది. నిద్ర నటిద్దామనుకుంది. కుదరలేదు. అప్పటికే తండ్రి సత్తియ్య వాకిట్లోకి పరుగెత్తి, "రండమ్మగారూ, లేచే ఉందండి" అనేశాడు.

విమానం కూలి నలభై రోజులైంది. పదకొండు మంది పోయారు. వాళ్ళలో వీరాయమ్మగారి భర్త, కెప్టెన్ మాణిక్యాలరావుగారు ఒకరు. ఆయన పక్క సీట్లో ఉన్న కో-పైలట్ కావ్య మాత్రం కుడికాలు మూడు చోట్ల విరిగి, ప్రాణంతో బయటపడింది. కాలు అతుక్కుంటే మళ్ళీ విమానం నడపొచ్చని డాక్టర్లు చెప్పారు.

లోపం ఏమిటో మొదటి వారంలోనే తేలిపోయింది. విమానం గాల్లోకి లేచేముందు రెక్కల వెనక ఉండే ఫ్లాప్స్ అనే పలకల్ని కిందికి దించాలి. దించలేదు. మోగాల్సిన హెచ్చరిక కూడా మోగలేదు. మనిషన్నాక మరుపు ఉంటుందనే చెక్‌లిస్ట్ పెట్టారు. ఒక పైలట్ చదవాలి. రెండో పైలట్ ఒక్కొక్కటీ కళ్ళతో చూసి, చేత్తో తాకి, జవాబు చెప్పాలి. మహా అయితే ఇరవై సెకన్ల పని. ఆ ఇరవై సెకన్లలో ఎవరు ఏమన్నారో చెప్పాల్సిన రికార్డర్ మంటల్లో మాడిపోయింది. ఇక చెప్పగలిగింది కావ్య ఒక్కతే. విచారణాధికారులు ఆమె వాంగ్మూలం తీసుకోవడానికి రేపు ఉదయం ఇంటికే వస్తున్నారు.

పేపర్లు మాత్రం రేపటిదాకా ఆగలేదు. కెప్టెన్ చెక్‌లిస్ట్ ఎగ్గొట్టాడని రాసిపారేశాయి. పోయినవాడు లేచొచ్చి కాదనడు కదా, ఎంతైనా రాయొచ్చు. సొంతూరు మలికిపురంలో ఆయన పెద్దకార్యానికి వేసిన విస్తళ్ళు సగానికి సగం మిగిలిపోయాయి. సెంటర్లో కట్టిన ఆయన ఫ్లెక్సీ మీద ఎవరో పేడ కొట్టారు. నిన్నటిదాకా మా ఊరి పైలట్ అని చెప్పుకున్నవాళ్ళు ఇప్పుడు ఆ ఇంటి ముందు నుంచి తలొంచుకుని పోతున్నారు.

అంతర్వేది దగ్గర సముద్రం మీద వేటకు వెళ్ళే సత్తియ్య కూతురు పైలట్ అయిందంటే అది మాణిక్యాలరావుగారి చలవే. ఇంటర్ చదివేటప్పుడు కాలేజీ సభకు వచ్చిన ఆయన్ని కావ్య ఏవో నాలుగు ప్రశ్నలు అడిగింది. ఆయన ఆ పిల్లను వదల్లేదు. దరఖాస్తులు నింపించారు. సెలవుకు వచ్చినప్పుడల్లా ఇంటికి పిలిచి పాఠాలు చెప్పారు. ఆ పూటల్లో వీరాయమ్మగారు కొసరి కొసరి అన్నం పెట్టేవారు.

ఇవాళ కూడా ఆవిడ ఉత్తచేతులతో రాలేదు. కావ్యకు ఇష్టమని పనసపొట్టు కూర చేసి తెచ్చారు. మంచం పక్కన కూర్చుని కాలు గురించి అడిగారు, మందుల గురించి అడిగారు. తర్వాత అసలు విషయానికి వచ్చారు.

"గ్యాస్ కట్టేక కూడా రెండుసార్లు వెళ్ళి చూసే మనిషమ్మా ఆయన. ఏమో, వయసు మీద పడింది, అలిసిపోయేరేమో. నేను కాదనను. రేపు వాళ్ళొచ్చి అడిగితే, ఆయన చదివేరని ఒక్క మాట చెప్పు తల్లీ. నిజంగా చదివేరో లేదో నాకు అక్కర్లేదు."

కావ్య దుప్పటి అంచు నలుపుతూ ఉండిపోయింది. ఆ ఇరవై సెకన్లు రోజుకు వందసార్లు కళ్ళముందు తిరుగుతూనే ఉన్నాయి. అందులో ఒక్క ముక్క మరిచిపోలేదు. మరిచిపోతే బాగుండునని ఎన్ని దేవుళ్ళకు మొక్కుకుందో ఆమెకే తెలుసు.

సత్తియ్యకు ఉండబట్టలేదు. ఆ మహానుభావుడు లేకపోతే మనం ఎక్కడ ఉండేవాళ్ళమనీ, ఒక్క అబద్ధం ఆడితే ఎవరి కొంపా మునగదనీ కూతుర్ని బతిమాలాడు.

"నావల్ల కాదు పిన్నిగారూ," అంది కావ్య చివరికి. "జరగనిది జరిగిందని ఎప్పుడూ చెప్పొద్దని నాకు నేర్పిందే ఆయనండి. ఆలస్యమైపోయింది, ఇక పద అన్నారండి. చదవలేదండి."

అని భోరున ఏడ్చింది.

వీరాయమ్మగారి మొహంలో మిగిలి ఉన్న కాస్త ఆశా పోయింది. తర్వాత మెల్లగా లేచి కావ్య తల నిమిరారు.

"తప్పు నాదేనమ్మా. నీచేత అబద్ధం ఆడిద్దామని వచ్చేను. ఆయన ఉంటే నన్ను తిట్టేవారు. ఉన్నదున్నట్టే చెప్పు. పోయిన మిగతా పదిమంది ఇళ్ళకీ నేనే వెళ్ళి, ఆయన తరఫున వాళ్ళ కాళ్ళు పట్టుకుంటాను."

ఆవిడ ఎక్కిన ఆటో మలుపు తిరిగేదాకా సత్తియ్య చేతులు జోడించుకునే నిలబడ్డాడు. లోపలికి వచ్చి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. అన్నం పెట్టిన మనిషి అడిగినా అబద్ధం ఆడని కూతుర్ని కన్నాను, ఈ జన్మకిది చాలన్నాడు. కావ్య తల గోడవైపు తిప్పుకుంది.

ఆ రోజు మాణిక్యాలరావుగారు చెక్‌లిస్ట్ ఒక్క ముక్క కూడా వదలకుండా చదివారు. "ఫ్లాప్స్?" అని ఆయన అడిగినప్పుడు మీట వైపు చూడకుండానే, దించేసినట్టు "ఆయ్" అన్నది కావ్య.