సభలో అత్తగారు

లోక్‌సభ ఇళ్లలోకే వచ్చేశాక ఎంపీ శశిరేఖకు ఢిల్లీ ప్రయాణాల బాధ తప్పింది. కాకినాడలో ఆమె ఇంటి హాల్లోనే సభ్యులంతా వెలుగు బొమ్మలై కూర్చుంటున్నారు. ఆ రోజు ప్రతిపక్ష సభ్యుడు ఓబులేసు సరిగ్గా ఆమె భోజనాల బల్ల దగ్గర నిలబడి విరుచుకుపడ్డాడు. పొద్దుటినుంచీ ఇద్దరిదీ ఒకటే రభస. తాగునీటి బిల్లును పట్టించుకున్న నాథుడే లేడు.

"నీ కత నాకు తెల్దనుకుంటివా? మీ ఇంటి గుట్టంతా ఈడే ఇప్పుతా!" అని అరిచాడు ఓబులేసు.

శశిరేఖకు అనకూడని మాట నోటిదాకా వచ్చేసింది. అంతలో వంటింట్లోంచి గరిటెతో సహా అత్తగారు సూరమ్మ వచ్చింది. గుమ్మంలోకి వచ్చినవాడు వెలుగు బొమ్మైనా ఆవిడకు మనిషే.

"ఏం బాబూ, మొహం అలా పీక్కుపోయిందేంటి? అన్నం తిన్నావా?"

ఓబులేసు ఎత్తిన వేలు గాల్లోనే ఆగిపోయింది. "ఇంకా లేదమ్మా," అన్నాడు మెల్లగా.

"మరి కోపం రాదూ! శశీ, నువ్వూ తినలేదు. ముందు తినండి, తర్వాత తిట్టుకుందురుగాని."

సభంతా గొల్లున నవ్వింది. నోటిదాకా వచ్చిన మాట మింగేసి శశిరేఖా నవ్వింది.

స్పీకరు కళ్లు తుడుచుకున్నాడు. "ఈ పూట సభ్యులన్న మాటలన్నీ రికార్డుల్లోంచి తీసేయండి. పెద్దావిడ మాట మాత్రం ఉంచండి."