దొరగారి బల్ల మీది అట్టు

"అట్టు పొంగితే బడికి వెళ్లు. పొంగలేదా, ఆ ఉద్యోగం ఊసు మళ్లీ నా దగ్గర ఎత్తకు," అని వంటింటి వైపు కేకేసి, వీధి వరండాలో కుర్చీలో వెనక్కి వాలాడు ప్రకాశరావు.

ఎదురుగా హెడ్‌మిస్ట్రెస్ శాంతమ్మగారు కూర్చుని ఉన్నారు. అడవిపొలం ఆడపిల్లల బడిలో టీచరు ఉద్యోగం ఖాళీ అయింది. ట్రైనింగు పాసై ఇంట్లో ఉన్న ప్రకాశరావు భార్య కృపమ్మని పంపమని అడగడానికి ఆవిడ పొద్దున్నే ఫరంపేటలో వాళ్లింటికి వచ్చారు.

"అట్టుకీ ఉద్యోగానికీ ఏంటండీ సంబంధం?" అన్నారావిడ.

"ఉందండీ. మొగుడు నోరు తెరిచి అడిగిన ఒక్క అట్టు చెయ్యలేనిది, నలభైమంది పిల్లల్ని ఏం దిద్దుతుంది?"

"ఏమిటా అట్టు?"

ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు ప్రకాశరావు ముందుకి జరిగాడు. "జర్మనీ అట్టు. మీరెరగరులెండి. పెనం మీద పోసేది కాదు, ఓవెన్లో కాల్చేది. గుడ్లు, పాలు, మైదా. యుద్ధానికి ముందు మన్యంలో ఒక జర్మనీ దొరగారి బంగళాలో రెండేళ్లున్నాను. పొద్దున్నే దొరగారు ఇటు, దొరసానిగారు అటు, మధ్యలో నేను. ఒకటే బల్ల! అట్టు వచ్చేది చూడండీ... అంచులు జానెడెత్తు లేచి, నడిమధ్య బూరెలా ఉబ్బి! రోజూ అంతే. అణిగిపోయిన అట్టు ఒక్కటంటే ఒక్కటి నా కంటపడలేదు."

"పెద్ద బంగళానా?"

"పెద్దదా అని మెల్లిగా అడుగుతారేంటి! వంటిల్లెక్కడో పెరటి చివర. పొగ వాసన దొరగారికి తగలకూడదు కదా. అక్కణ్ణించి పెరడు దాటి, మెట్లెక్కి, హాలు దాటి తేవాలి. మా ఇంట్లోలాగా పొయ్యి దగ్గర దగ్గితే వరండాలో వినపడేది కాదు."

ఫ్రెంచివాళ్లు యానాం వదిలి రెండేళ్లయింది. ప్రకాశరావు ఒంట్లోంచి దొరతనం మాత్రం ఇంకా దిగలేదు.

వంటింట్లో కృపమ్మ కిరసనాయిలు డబ్బాని అడ్డంగా పడుకోబెట్టి, కిందా పైనా బొగ్గులు పేర్చి, ముందు రేకు మూత ఆనించింది. అదే ఓవెన్.

"వెన్న ముందే మూకుడులో కాగిందా?" వరండాలోంచి అరిచాడు. "చల్లటి మూకుడులో పిండి పోశావో, చెప్పు అట్ట అయిపోద్ది!"

"కాగిందండీ."

"మూత తియ్యకు. ఇంకా పచ్చి వాసనే వస్తోంది." కాసేపటికి ముక్కు ఎగబీల్చి, "ఊఁ, ఇప్పుడు తియ్యి," అన్నాడు. ఆ ఇంట్లో ఉప్పు డబ్బా ఏ గూట్లో ఉంటుందో ఆయనకి ఇవాళ్టికీ తెలీదు.

కృపమ్మ మూత తీసింది. అట్టు పొంగింది! బంగారు రంగు అంచులు మూకుడు దాటి లేచాయి. ఆమె గుండె కూడా పొంగింది. గుడ్డతో మూకుడు పట్టుకుని పది అడుగులు పరుగున వచ్చి, వరండాలో స్టూలు మీద పెట్టింది.

అట్టు చతికిలబడి ఉంది.

ప్రకాశరావు ఫక్కున నవ్వాడు. "ఇదా! బండి చక్రం కింద పడ్డ టోపీలా ఉంది. చూశారా శాంతమ్మగారూ, మీ టీచరమ్మని!"

"తీసినప్పుడు పొంగే ఉందండీ," అంది కృపమ్మ.

"అవునవును. నీ ఒక్కదానికే కనపడి మాయమైపోయింది. దర్శనం!"

శాంతమ్మగారు ముక్క తుంచి, నిమ్మరసం పిండుకుని, పంచదార అద్దుకుని తిన్నారు. "రుచి బావుందమ్మా."

"రుచి ఎవడిక్కావాలండీ? పొంగాలి!"

"పిండి ఇంకా ఉందా?" అని కృపమ్మని అడిగారావిడ.

"ఇంకొకదానికి ఉందండీ."

"అయితే ఈసారి నేను తీసి చూపిస్తాను. నేర్చుకుంటుంది," అంటూ ప్రకాశరావు లేచాడు. ఇద్దరూ ఆయన వెనకే వంటింట్లోకి నడిచారు.

కృపమ్మ మూకుడులో మళ్లీ వెన్న కాచి, మిగిలిన పిండి పోసి డబ్బాలో పెట్టింది. ప్రకాశరావు డబ్బా ముందు గొంతుక్కూర్చుని, పట్టకారుతో కింది బొగ్గులు నాలుగు తీసి పైకి సర్దాడు. గోనెగుడ్డ రెండు మడతలు వేసి చేతికి చుట్టుకున్నాడు. కళ్లు మూసుకుని వాసన పట్టాడు. ఠక్కున మూత లాగి మూకుడు బయటికి తీశాడు. ఒక్క బొగ్గు కదల్లేదు.

"అదీ! అట్టంటే అదీ! చూడండి, ఎలా..."

ఆ మాట పూర్తికాకుండానే అట్టు ఉస్సురంది. ముగ్గురూ చూస్తుండగానే అంచులు వాలాయి, నడుమ కుంగింది. మళ్లీ అదే టోపీ.

ప్రకాశరావు కిటికీ వైపు చూశాడు. "గాలి... గాలి తగిలిందండీ."

"మన్యంలో ఆ పెరట్లో గాలి ఉండేది కాదా?" అన్నారు శాంతమ్మగారు.

ఆయన గోనెగుడ్డ విప్పుకోవడంలో మునిగిపోయాడు.

కృపమ్మ మూకుడు వైపు చూసింది. సర్దిన బొగ్గుల వైపు చూసింది. పైటచెంగుతో మొహం తుడుచుకుని, "సోమవారం బడికి వస్తానండీ," అని శాంతమ్మగారితో చెప్పింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"ఇది వంటిల్లు దాటకుండానే అణిగిపోయింది కదండీ. మరి మీరేమో రెండేళ్లూ రోజూ పొంగిందే చూశానంటారు. ఆ బంగళాలో మీకు కుర్చీ ఎక్కడ వేసేవారు, పొయ్యి ముందా?"